పెంకు గట్టిగానే ఉంది, కోడి మాత్రం లేవడం లేదు

సంక్రాంతి వెళ్ళిన మూడో రోజు పొద్దున్నే ఫోన్ మోగింది. తణుకు దగ్గర లేయర్ ఫారం, అంటే గుడ్ల కోసం కోళ్ళు పెంచేది. మా నాన్న కాలం నుంచీ తెలిసినవాళ్ళు, అందుకని ఆ రైతుని నేను బాబాయ్ గారనే పిలుస్తాను.

"డాక్టరు గారూ, రోజుకి పదీ పన్నెండూ పడిపోతున్నాయండి. గురక లేదు, పారుడు లేదు. కళ్ళు చూస్తే నిక్షేపంగా ఉన్నాయి. కాళ్ళు చాపేసి పక్కకి పడుకుంటున్నాయి, అంతే. మర్నాటికి పోతున్నాయి."

ఆయనకి మూడు షెడ్లు. ఒకటి ఖాళీ, ఒకదాంట్లో ఇంకా గుడ్డుకి రాని గ్రోయర్లు. గొడవంతా మూడో షెడ్డులోనే. 12,000 తెల్ల లేయర్లు, 29 వారాల వయసు, ఉత్పత్తి 94 శాతం. అంత పెద్ద షెడ్డులో రోజుకి ఒకటో రెండో పోవడం ఎవరూ పట్టించుకోరు. పది పోతే పట్టించుకోవాలి.

"గుడ్డు ఎలా ఉంది బాబాయ్ గారూ?"

"గుడ్డుకేమండీ, రాయిలా ఉంది. తోలు గుడ్లు ఒక్కటి రావట్లేదు."

ఆ మాట దగ్గర నేను ఆగి ఆలోచించి ఉండాల్సింది. ఆలోచించలేదు. గుడ్లు అత్యధికంగా పెట్టే పీక్‌లో ఉన్న బ్యాచ్, కాళ్ళు చాపి పడుకునే కోళ్ళు అనగానే నోట్లోంచి అలవాటుగా ఒకే మందు వచ్చింది: లిక్విడ్ కాల్షియం నీళ్ళలో ఐదు రోజులు, దాంతో పాటు బి విటమిన్లు. పండగ బద్ధకం కూడా కొంత ఉంది, దాచుకోవడం దేనికి. మూడో రోజుకి చావులు ఐదుకి తగ్గాయి. బాబాయ్ గారు ఫోన్ చేసి మెచ్చుకున్నారు. ఎనిమిదో రోజుకి పదిహేను. అప్పుడు బండి తీశాను.

షెడ్డులో లైట్లు పొద్దున్న ఐదుకి వెలుగుతాయి, రాత్రి తొమ్మిదికి ఆరిపోతాయి. నేను ఐదున్నరకల్లా అక్కడ ఉన్నాను. ఇలాంటి కేసుల్లో టైము ముఖ్యం. మధ్యాహ్నం పోయిన కోడి వేరే కథ చెబుతుంది, ముఖ్యంగా ఎండాకాలంలో. రాత్రికి రాత్రి పోయిందంటే కాల్షియం, లివరు రెండూ గుర్తుకు రావాలి. ఆ పొద్దున్న దొరికినవి తొమ్మిది చచ్చినవి, ఆరు పడిపోయినవి. పడిపోయిన ఆరూ తల ఎత్తి నన్నే చూస్తున్నాయి. తల మీద తురాయి ఎర్రగా, నిండుగా ఉంది. ఒకదాన్ని కేజ్‌లోంచి తీసి చేత్తో నిలబెడితే ఒక్క క్షణం నిలబడి, కాళ్ళ కింద చాప లాగేసినట్టు కూలిపోయింది.

నరాలని దెబ్బతీసే మెరెక్స్ అనే వైరస్ జబ్బయితే ఒక కాలు ముందుకి, ఒక కాలు వెనక్కి పెడుతుంది. సాధారణంగా ఇంత పీక్ దాకా ఆగదు కూడా. ఇంకో వైరస్ జబ్బు రాణిఖెత్ అయితే గుడ్డు ముందు పోతుంది, పెంకు రంగూ ఆకారం చెడుతుంది. ఇవి మనసులో కొట్టేసుకుంటూ నడుస్తుంటే షెడ్డు వెనక ఇంకొక సంగతి కనిపించింది.

షెడ్డులో పనిచేసేది శ్రీకాకుళం నుంచి వచ్చిన ఒక జంట. ఆ అమ్మాయి షెడ్డు వెనక కొబ్బరి మట్టలతో చిన్న దడి కట్టి, అందులో ఊక పోసి, ఒక పాత పళ్ళెంలో నీళ్ళు, ఇంకోదాంట్లో మేత పెట్టింది. లోపల ఏడు కోళ్ళు. రెండు పడుకుని ఉన్నాయి, ఐదు తిరుగుతున్నాయి.

"ఇవెక్కడివమ్మా?"

"పడిపోయినవే బాబూ. పారేయబుద్ధి కాక కింద పెట్టీసినాను. రెండ్రోజులకి లేసి తిరుగుతన్నాయి."

ఎవరూ చెప్పకుండా, ఎవరికీ చెప్పకుండా ఆమె చేసిన ఆ పనే నాకు దొరికిన మొదటి గట్టి ఆధారం. నరాల జబ్బుతో పడిన కోడి ఊక మీద పెట్టినంత మాత్రాన లేవదు. వైరస్‌తో పడింది సాధారణంగా లేవదు. కేజ్‌లో పడి, కింద పెడితే లేచేదాన్ని కేజ్ లేయర్ ఫెటీగ్ అంటారు. 1955లో అమెరికాలో కౌచ్ అనే పరిశోధకుడు దీనికి ఆ పేరు పెట్టాడు. అక్కడ కోళ్ళని నేల మీంచి తీగ కేజ్‌ల్లోకి మార్చడం ఊపందుకున్న రోజులవి. పేరులో ఫెటీగ్ అని ఉన్నా ఇది అలసట కాదు. ఎముకలు ఖాళీ అవడం.

పోస్ట్‌మార్టం అక్కడే, మోటారు దగ్గర సిమెంటు దిమ్మ మీద చేశాను. చచ్చినవాటిలో నాలుగు. లేచే ఆశ లేని రెండింటిని మెడ ఎముక తప్పించి చంపి, వాటినీ కోశాను. లివరు మామూలుగానే ఉంది. కడుపులో రక్తపు గడ్డ లేదు, కాబట్టి ఫ్యాటీ లివరు కాదు. తొడ లోపలి నరం సన్నగా, తెల్లగా, అడ్డచారలతో ఎలా ఉండాలో అలాగే ఉంది. కాబట్టి మెరెక్స్ కూడా కాదు. గుడ్ల గుత్తి నిండుగా ఉంది. నాలుగు శవాల్లో మూడింటికి గుడ్డు సంచిలో పెంకు పూర్తయిన గుడ్డు ఉంది. గుడ్డు పెట్టబోతూ పోయిన కోళ్ళు అవి.

పక్కటెముకలు చూడగానే అనుమానం తీరిపోయింది. ప్రతి పక్కటెముకా రెండు ముక్కలు కలిసే చోట లోపలికి మడత పడి ఉంది. ఆ మడతల దగ్గర వరసగా పూసలు గుచ్చినట్టు బుడిపెలు. రొమ్ము ఎముక గరిటెలా నిటారుగా ఉండాల్సింది, పాము పాకినట్టు వంకర తిరిగింది. ఒకదానికి వెన్నుపూస విరిగి నరాల తాడు నలిగింది. అది ఊక మీద పెట్టినా లేచేది కాదు. మెడ అడుగున, ఎముకలోంచి కాల్షియం లాగించే పారాథైరాయిడ్ గ్రంథి మామూలుగా వెతికితే గానీ కనిపించదు. వీటిలో వెతక్కుండానే కనిపించింది.

తర్వాత తొడ ఎముక. ఆరోగ్యంగా ఉన్న లేయర్ తొడ ఎముకని రెండు చేతులతో పట్టి విరిస్తే టక్‌మని గట్టి చప్పుడు రావాలి. ఇది చాక్‌పీసులా చప్పుడు లేకుండా విరిగింది. విరిగిన చోట గోడ కాగితం మందాన ఉంది. గుడ్డు పెట్టే కోడి తొడ ఎముక లోపల స్పంజిలాంటి ఇంకో ఎముక ఉంటుంది. ఇక్కడ ఆ చోటు దాదాపు ఖాళీ. బాబాయ్ గారి చేతికిచ్చాను. ఆయన వేళ్ళ మధ్య అటూ ఇటూ తిప్పి చూసి, "పెంకు గట్టిగా ఉందండీ మరి" అన్నారు మళ్ళీ. ఈసారి ఆ మాట నాకు అడ్డం తిరగలేదు, దారి చూపించింది.

కాల్షియం నిజంగా తగ్గితే ముందు పెంకు పలచబడుతుంది. తోలు గుడ్లు వస్తాయి, ట్రేల్లో పగుళ్ళు పెరుగుతాయి, తర్వాత ఉత్పత్తి జారుతుంది. కోడి ఆ విధంగా తన ఎముకలని కొంత కాపాడుకుంటుంది. ఇక్కడ పెంకూ చెక్కుచెదరలేదు, ఉత్పత్తీ చెక్కుచెదరలేదు, ఎముక మాత్రం కరిగిపోయింది. అంటే గుడ్డుకి కాల్షియం అందుతోంది, ఎముకని తిరిగి కట్టుకోవడానికే ఏదో అందడం లేదు. ఎముక కాల్షియం ఒక్కదానితో కట్టేది కాదు. భాస్వరం కావాలి. పెంకుకి ఆ అవసరం దాదాపు లేదు, పెంకు దాదాపు అంతా కాల్షియం కార్బొనేటే. భాస్వరం తగ్గిన మంద గుడ్డు మీద ఫిర్యాదు చెయ్యదు. నా లిక్విడ్ కాల్షియం మూడు రోజులు పనిచేసి ఎందుకు చతికిలపడిందో అప్పుడు అర్థమైంది. అప్పటికి తక్కువలో ఉన్న రక్తం కాల్షియాన్ని అది లేపింది, ఎముకకి మాత్రం ఒరిగిందేమీ లేదు.

ఇంకో పరీక్ష మిగిలింది. దానికి ల్యాబ్ అక్కర్లేదు, కొళాయి చాలు. ఆరు కందనకాయలూ చీల్చి పళ్ళెంలో కడిగాను. తెల్లవారుజామున పోయిన లేయర్ కందనకాయలో గుల్ల పలుకులు చేతికి తగలాలి. ఆరింటిలో కలిపి పట్టుమని పది పలుకులు లేవు. మెత్తటి మేత జావ ఒక్కటే ఉంది.

మేత ఫారంలోనే కలుపుకుంటారు. ఫార్ములా కాగితం తెప్పించి చూశాను. మొక్కజొన్న, సోయా చెక్క, నూనె తీసిన తవుడు, షెల్ గ్రిట్ అనే గుల్ల పలుకులు, సున్నపురాయి పొడి, భాస్వరం కోసం డీసీపీ (డైకాల్షియం ఫాస్ఫేట్), విటమిన్ల ప్రీమిక్స్, ఫైటేజ్ అనే ఎంజైము. కాల్షియం 3.9 శాతం. కాగితం మీద వంక పెట్టడానికి లేదు. కాగితాన్ని కోడి తినదు కాబట్టి మిల్లు దగ్గరికి వెళ్ళాం.

మిల్లు కుర్రాడు దీపావళికి కొత్తగా చేరినవాడు. "గ్రిట్ ఎక్కడ వేస్తావు తమ్ముడూ?" అంటే, మొక్కజొన్నతో పాటు గ్రైండర్ నోట్లో వేస్తున్నానని చూపించాడు. గ్రిట్ వెయ్యాల్సింది మిక్సర్‌లో, గ్రైండర్‌లో కాదు. గ్రైండర్‌లో వేస్తే 3 మిల్లీమీటర్ల పలుకు ముగ్గుపిండి అయిపోతుంది. ఎందుకలా చేశావంటే వాడి దగ్గర కారణం ఉంది: "కోళ్ళు గుల్లలు ఏరుకు తిని మేత వదిలేత్తున్నాయని షెడ్డోళ్ళు గొడవ చేశారండి." నిజమే, ఏరుకుంటాయి, ముఖ్యంగా సాయంత్రం పూట. పెంకు కట్టే సమయానికి కోడికి కాల్షియం మీద ఆకలి పుడుతుంది. అది తన అవసరం తనే చూసుకుంటుంటే, మనకి మేత చెదిరినట్టు కనిపించింది.

డీసీపీ సంగతి ఇంకోలా బయటపడింది. రెండు నెలల క్రితం సరుకు మార్చారు, బస్తాకి బాగా తక్కువ పడుతోందని. స్టోరులో మూల పాత బస్తాలో అడుగున రెండు గుప్పిళ్ళు మిగిలి ఉంది. బాత్‌రూం కడిగే యాసిడ్ తెమ్మన్నాను. రెండు గాజు గ్లాసుల్లో చెంచాడు చెంచాడు వేసి, పైన యాసిడ్ కొంచెం కొంచెంగా పోశాం. పాతది కరిగింది, నాలుగు బుడగలు వచ్చి ఊరుకుంది. కొత్తది గోళీసోడా కొట్టినట్టు బుస్సుమని పొంగి గ్లాసు అంచు దాటింది. డీసీపీ అలా పొంగదు. పొంగేది సున్నపురాయి. కాల్షియం ఫాస్ఫేట్ ధరకి కాల్షియం కార్బొనేట్ కొన్నాం అన్నమాట.

బాబాయ్ గారు ఏమీ అనలేదు. గ్లాసు కింద తడిసిన అరుగు తువ్వాలుతో తుడిచారు.

ల్యాబ్ రిపోర్టు వారం తర్వాత వచ్చింది. 18 శాతం భాస్వరం ఉండాల్సిన సరుకులో 8 కూడా లేదు. పైగా ఫైటేజ్‌ని నమ్ముకుని ఫార్ములాలో డీసీపీ ముందే తగ్గించి రాశారు. ఫైటేజ్ పని తవుడూ మొక్కజొన్నల్లో బంధించి ఉన్న భాస్వరాన్ని విడిపించడం. మంచి ఎంజైమే. కానీ దాన్ని లెక్కలో వేసుకుని డీసీపీ కోసేసినప్పుడు, మిగిలిన ఆ కొంచెం డీసీపీ అచ్చమైనది అయ్యుండాలి.

ఈ రెండు తప్పులూ విడివిడిగా వచ్చుంటే మంద తట్టుకునేదేమో. కలిసి వచ్చాయి, ఒకదాన్నొకటి ఎగదోశాయి. ఎలాగో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే కాల్షియం నీళ్ళు పోసి వచ్చేసే మాలాంటి వాళ్ళం ఎక్కువగా దాటేసేది ఈ ముక్కనే.

ఒక గుడ్డు పెంకులో రెండు గ్రాముల పైచిలుకు కాల్షియం ఉంటుంది. కోడి ఒంట్లోని ఎముకలన్నిటిలో కలిపి ఉండేది సుమారు 20 గ్రాములు. అంటే ఒక్కో గుడ్డుతో ఒంటి కాల్షియంలో పదో వంతు బయటికి పోతుంది. మర్నాడు మళ్ళీ అంతే. గుడ్డు సంచిలో పెంకు కట్టడానికి 18 నుంచి 20 గంటలు పడుతుంది, అందులో జోరుగా కట్టేది రాత్రి. ఆ వేళకి లైట్లుండవు, మేత ఉండదు. కందనకాయలో పెద్ద పలుకులు ఉంటే అవి రాత్రంతా నెమ్మదిగా కరుగుతూ పేగుల్లోకి కాల్షియం వదులుతాయి. పొడి అయితే చీకటి పడిన కాసేపటికే దాటిపోతుంది. ఇక ఎముక నుంచి తియ్యాల్సిందే.

దానికి కోడి ఒంట్లో ఏర్పాటు ఉంది. మొదటి గుడ్డుకి రెండు వారాల ముందు ఈస్ట్రోజెన్ పెరిగి, పొడవాటి ఎముకల లోపల మెడుల్లరీ ఎముక పుడుతుంది. అది గాదె లాంటిది, రాత్రి తీసుకోవడానికి, పగలు నింపుకోవడానికి. బయటి గట్టి ఎముక ఇంటి గోడ. ఎముకని కరిగించే కణాలకి గాదె ఏదో గోడ ఏదో తేడా తెలియదు, రెండింటినీ గీకుతాయి. తిరిగి కట్టే కణాలు మాత్రం గుడ్డు పెట్టినన్నాళ్ళూ గాదెనే నింపుతాయి, గోడ జోలికి పోవు. అందుకే ఎంత మంచి మేత పెట్టినా లేయర్ కోడికి వయసుతో పాటు గోడ పలచబడుతూనే ఉంటుంది. మన చేతిలో ఉన్నది అది ఎంత తొందరగా పలచబడాలన్నది ఒక్కటే.

ఎముక కరిగినప్పుడు కాల్షియంతో పాటు భాస్వరం కూడా బయటికి వస్తుంది. పెంకుకి కాల్షియం చాలు, కాబట్టి భాస్వరం కిడ్నీల దారిన రెట్టలోకి పోతుంది. పొద్దున్న గాదె నింపాలంటే ఆ పోయిన భాస్వరం మేతలోంచే రావాలి. మన కేసులో గ్రిట్ పొడి అవడం వల్ల రాత్రి ఎముక మీద లాగుడు పెరిగింది. లాగుడు పెరిగిన కొద్దీ భాస్వరం పోవడమూ పెరిగింది. పొద్దున్న తెచ్చి ఇవ్వాల్సిన డీసీపీ సగానికి పైగా సున్నపురాయి. రెండు నెలలు అలా సాగేసరికి గాదె అయిపోయి గోడలు పడ్డాయి.

శ్రీకాకుళం అమ్మాయి కోళ్ళు ఎందుకు లేచాయో కూడా ఇందులోనే ఉంది. పడిపోయిన కోడి గుడ్డు ఆపేస్తుంది. ఆపితే రోజూ పోయే ఆ రెండు గ్రాములూ ఒంట్లోనే మిగులుతాయి, కొన్ని రోజులకి కట్టే కణాలు గోడల వైపు తిరుగుతాయి. కేజ్‌లో పడితే నీళ్ళ నిపుల్ అందదు, తొట్టి అందదు, పైన మూడు కోళ్ళు తొక్కుతాయి. కేజ్‌లో పడినవాటిని చాలావరకు చంపేది దాహం.

బ్యాచ్ రికార్డు పుస్తకం తిరగేస్తే మూడో సంగతి దొరికింది. ఇది కాస్త పాతది. 16 వారాలకే లైటింగ్ పెంచారు. అప్పటికి పిల్లల బరువు ఉండాల్సినదానికి సుమారు 100 గ్రాములు తక్కువ. ఆ రోజుల్లో రేటు బాగుంది, తొందరగా గుడ్డు చూడాలన్న ఆత్రం. గ్రోయర్ మేత నుంచి నేరుగా లేయర్ మేతకి మారారు, మధ్యలో రెండు రెండున్నర శాతం కాల్షియంతో పది పదిహేను రోజులు పెట్టాల్సిన ప్రీ లే మేత ఎగ్గొట్టారు. గాదె కట్టుకునే రోజులు అవే. పెరిగే పిల్లకి మరీ ముందుగా లేయర్ మేత పెడితే కిడ్నీలు రాళ్ళు కడతాయి. మరీ ఆలస్యం చేస్తే ఖాళీ గాదెతో గుడ్డు మొదలవుతుంది. సరైన టైము తెలిసేది తేదీ చూసి కాదు. తురాయి ఎర్రబడటం, బరువు, చేత్తో పట్టి చూస్తే తుంటి ఎముకల మధ్య ఎడం పెరగడం, వీటిని చూసి.

చేసిన పనులు. ఆ పూటే డీసీపీ పాత కంపెనీదానికి మార్చాం, ప్రతి బస్తాకీ యాసిడ్ పరీక్ష. అందుబాటు భాస్వరం మూడు వారాలు 0.45 శాతానికి పెంచి, తర్వాత 0.40కి దించాను. ఎక్కువైతే అదే భాస్వరం పెంకుని చెడగొడుతుంది, అందుకని ఎన్నాళ్ళో ముందే రాసిచ్చాను. గ్రిట్ గ్రైండర్ నుంచి మిక్సర్‌కి వెళ్ళింది. మొత్తం కాల్షియం 4 శాతం దాటకుండా, మూడింట రెండు వంతులు 2 నుంచి 4 మిల్లీమీటర్ల పలుకు, ఒక వంతు పొడి. అందులోంచే కోడికి 5 గ్రాముల లెక్కన షెడ్డు మొత్తానికి 60 కిలోల గ్రిట్ తీసి, మధ్యాహ్నం మూడున్నరకి తొట్టిలో మేత పైన చల్లాలి. నీళ్ళలో 25 హైడ్రాక్సీ డి3, అంటే ఒక రకం విటమిన్ డి, ఏడు రోజులు. రాత్రి పన్నెండు నుంచి ఒంటి గంట దాకా లైట్లు వేసి మేత తిననివ్వాలి. దానికి ముందు మూడు గంటలు, తర్వాత నాలుగు గంటలు చీకటి ఉంటుంది కాబట్టి గుడ్డు టైము చెదరదు. లిక్విడ్ కాల్షియం మూడు రోజులే, అదీ పడిపోయేవాటి ప్రాణం నిలబెట్టడానికి.

పడిపోయినవాటి విషయంలో బాబాయ్ గారికీ నాకూ కాస్త మాట పెరిగింది. ఆయన వాటిని రోజూ సాయంత్రం ఒక చికెన్ సెంటరుకి సగం ధరకి ఇచ్చేస్తున్నారట, కాళ్ళు కట్టి, మోపెడ్‌కి వేలాడదీసి. తొడ ఎముక విరిగిన కోడిని తలకిందులుగా పది కిలోమీటర్లు. వద్దన్నాను. "పోయేదే కదండీ" అన్నారు. పోయేదే, కానీ ఎముక విరిగితే కోడికీ నొప్పే. అరవదు కాబట్టి మనం లెక్కలో వేసుకోం. నొప్పి తగ్గించే మందు పెడితే రొమ్ము ఎముక విరిగిన కోడి నడక మెరుగవుతుందని బ్రిస్టల్ యూనివర్సిటీలో ప్రయోగాలు చేసి చూపించారు. నొప్పి లేకపోతే మందుకి నడక మారాల్సిన పని లేదు. చివరికి కుదిరిన ఒప్పందం: రోజుకి రెండు సార్లు ప్రతి వరసా చూడాలి, పడినదాన్ని వెంటనే ఊక మీదకి చేర్చాలి. కాలో వెన్నో విరిగి నాలుగు రోజులకీ లేవనిదాన్ని అక్కడే మెడ తప్పించాలి. ఎలా చెయ్యాలో ఆ అమ్మాయి భర్తకి చూపించాను. మొత్తం 43 కోళ్ళు ఊక మీదకి వచ్చాయి, 29 లేచాయి.

షెడ్డులో చావులు మొదటి నాలుగు రోజులూ కదల్లేదు. పోసిన భాస్వరం ఎముకలో చేరడానికి టైము పడుతుంది. రైతుకి ఈ మాట ముందే చెప్పకపోతే మూడో రోజుకి ఇంకో డాక్టరు వస్తాడు. ఆరో రోజుకి ఎనిమిది, రెండో వారం చివరికి నాలుగు, మూడో వారానికి రెండు. ఉత్పత్తి 91కి జారి మళ్ళీ 93కి ఎక్కింది. నెల తర్వాత చచ్చిన ఒక కోడి కందనకాయ కోస్తే దోసెడు కాదు గానీ చెంచాడు గ్రిట్ ఉంది.

బాబాయ్ గారి పెరట్లో ఒక డేగ పుంజు ఉంటుంది. పందేలు చట్టానికి విరుద్ధమని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు, ఆ చర్చ మా మధ్య రాదు. ఒక రోజు ఆ పుంజు కాలు పట్టుకుని చూశాను. ఇనప చువ్వ. బాదంపప్పుల వల్ల అంటారాయన. బాదం సంగతేమో గానీ పొద్దున్నే ఇసకలో పరుగు, సాయంత్రం ఈత, మధ్యలో ఎగిరి దూకడం, ఇవన్నీ ఎముకకి పని. బరువు పడిన ఎముకే గట్టిపడుతుంది. మన లేయర్ ఉండే కేజ్ 15 అంగుళాలు, 12 అంగుళాలు. మూడు కోళ్ళకని చేసినదాంట్లో ఇక్కడ నాలుగు ఉన్నాయి. ఒక్కోదానికి 45 చదరపు అంగుళాలు, జిరాక్స్ కాగితంలో సగం కూడా కాదు. రెక్క విప్పడానికి లేదు. తొట్టి దగ్గర ఒక్కోదానికి నాలుగు అంగుళాలు కూడా రాదు, బలహీనమైనది వెనక నిలబడిపోతుంది. మేత బాగున్న షెడ్లలో కూడా పడిపోయే కోళ్ళు నాలుగేసి ఉన్న కేజ్‌ల్లోనే ఎక్కువ అని నా అనుభవం.

కేజ్ తీసేస్తే సరిపోతుందా అంటే అంత సులువు కాదు. యూరప్‌లో 2012 జనవరి 1 నుంచి మామూలు బ్యాటరీ కేజ్‌లు నిషేధం. అంతస్తుల అరల మధ్య తిరిగే కోళ్ళకి కాలి ఎముక, రెక్క ఎముక బలపడ్డాయి. కానీ ఎగిరి దిగేటప్పుడు గుద్దుకుని రొమ్ము ఎముక విరగడం అక్కడ పెద్ద సమస్య అయి కూర్చుంది. జాతి వైపు నుంచి కూడా పని జరిగింది. స్కాట్లాండ్‌లోని రోస్లిన్ ఇన్‌స్టిట్యూట్‌వాళ్ళు ఎముక బలాన్ని బట్టి ఎంచుకుంటూ పోతే కొన్ని తరాల్లోనే విరుగుళ్ళు తగ్గాయి. అంటే గుడ్డుతో పాటు ఎముకనీ చూసి పెట్టని ఎంచుకోవచ్చు. మన దగ్గర లా కమిషన్ 2017లో 269వ రిపోర్టులో ఈ కేజ్‌ల సంగతే రాసింది. గోదావరి జిల్లాల షెడ్లలో దాని గురించి మాట్లాడినవాళ్ళు నాకు ఎదురుపడలేదు. ఇక్కడ పొద్దున్న లేస్తే చూసేది నెక్ రేటు, అంటే గుడ్ల సమన్వయ కమిటీ ప్రకటించే గుడ్డు ధర.

నవంబరులో, 72 వారాలు దాటాక, బ్యాచ్ తీసేసే రాత్రి నేనే అడిగి వెళ్ళాను. అంతకుముందు ఎప్పుడూ వెళ్ళలేదు, జబ్బు లేని రోజు డాక్టరు అవసరం ఎవరికి? జనవరిలో పడిన గోడలు గుడ్డు పెడుతున్నంత కాలం లేవవని తెలుసు, ఎలా ఉన్నాయో చూద్దామని. పట్టేవాళ్ళకి కోడికి ఇంత అని కూలి. చీకట్లో, చెయ్యి కేజ్‌లో పెట్టి ఒక కాలు దొరికితే ఒక కాలు పట్టి లాగుతారు. తలుపు అంచుకి తొడ తగిలినప్పుడు చిన్నగా చిట్లిన చప్పుడు. ఒకసారి విన్నాక చెవి దానికోసమే వెతుకుతుంది. 1989లో బ్రిటన్‌లో గ్రెగరీ, విల్కిన్స్ అనే ఇద్దరు ఇలా తీసిన కేజ్ కోళ్ళని పరీక్షించి, కబేళాలో తెలివి తప్పించేలోపే 29 శాతానికి కనీసం ఒక ఎముక విరిగి ఉందని లెక్క తేల్చారు. ఆ అంకె ఏళ్ళుగా నాకు తెలుసు, చప్పుడు మాత్రం ఆ రాత్రే తెలిసింది.

మేస్త్రీని పిలిచి రెండు కాళ్ళూ కలిపి పట్టమన్నాను, రొమ్ము కింద రెండో చెయ్యి పెట్టమన్నాను. "తెల్లారిపోద్ది సార్" అన్నాడు. బాబాయ్ గారు వెనక నుంచి, "తెల్లారనియ్యి, కోడికి అర్ధ రూపాయి ఎక్కువిత్తాను" అన్నారు. నేను అడగలేదు, ఆయనంతట ఆయనే అన్నారు. లారీ పొద్దున్న ఏడుకి కదిలింది. నేను కొన్నిటి రొమ్ము తడిమి చూశాను. వంకర లేనిదాన్ని వెతుక్కోవాల్సి వచ్చింది.

గ్రోయర్ షెడ్డులో కొత్త పిల్లలకి ఇప్పుడు 14 వారాలు. బరువు సరిగ్గా ఉంది. ప్రీ లే మేత ఫార్ములా రాసిచ్చాను. మిక్సర్ పక్కన గోడకి యాసిడ్ సీసా, రెండు గాజు గ్లాసులు ఒక అరలో పెట్టించారు. కేజ్‌కి మూడే వేద్దాం బాబాయ్ గారూ అన్నాను. 12,000కి బదులు 9,000. ఆయన క్యాలెండర్ కాగితం వెనక చాలాసేపు లెక్క వేసుకున్నారు.

"ఒక వరస మూడేసి వేసి చూద్దామండి. మిగతావి రేటు చూసి చెప్తాను."